లోపలి గది కిరాయి

నల్లా మర మీద తెల్ల టేపును బాలన్న ఎడమచేత్తో చుడుతున్నాడు. ప్లంబింగు పనిలో తల నెరిసినవాడు, కళ్ళు మూసుకునైనా చుట్టగలడు. అయితే ఇన్నేళ్ళూ చుట్టింది కుడిచెయ్యి. ఎడమచేతికి ఆ విద్య అబ్బలేదు. అది తనకు తెలియకుండానే ఎదురువైపుకు చుట్టేది. నల్లా బిగించబోతే టేపు మరలో ఇమడకుండా పోగులు పోగులుగా బయటికి వచ్చేది. మూడోసారీ అలాగే వచ్చేసరికి బాలన్న నల్లాను వాష్‌బేసిన్‌లోకి గిరాటేశాడు.

పక్క గదిలో ఏసీ విప్పుతున్న యాదగిరి ఆ చప్పుడుకు నిచ్చెన దిగి పరుగెత్తుకొచ్చాడు.

"ఇటియ్యే అన్నా. గింత సప్పుడు జేస్తే ఫోర్మన్ రాడా?"

"రానియ్యి. అచ్చి జూడనియ్యి."

యాదగిరి టేపు చుట్టాడు, నల్లా ఎక్కించాడు, పానాతో రెండు పట్లు పట్టి నీళ్ళు వదిలి చూశాడు. చుక్క కారలేదు. తన పని వదిలి బాలన్న పని చెయ్యడం ఇది నాలుగో రోజు. బాలన్న కుడిచేతికి పని గ్లోవు తొడిగి ఉంది. దాని లోపల కట్టు, కట్టు లోపల బొటనవేలి సందు నుంచి అరచేతిలోకి ఏడు కుట్లు. ఈ సంగతి ఫోర్మన్‌కు తెలిస్తే చెయ్యి బాగయ్యేదాకా గదిలో కూర్చోమంటాడు. గదిలో కూర్చున్నవాడికి జీతం రాదు.

ఆదివారం పొద్దు పొడవకముందు డ్యూటీ బస్సు కోసం గల్లీ లోంచి పెద్ద రోడ్డుకు నడుస్తుంటే మోటార్ సైకిల్ మీద ఇద్దరు అడ్డం వచ్చారు. వాళ్ళుండే పేటలో అది వింతేమీ కాదు. రియాద్ నడిబొడ్డున, బత్తా బజారుకు దగ్గరలో, పాత ఇళ్ళూ ఇరుకు గల్లీలూ ఉన్న ఆ పేటను మనవాళ్ళు హారా అంటారు. అక్కడ కిరాయిలు తక్కువ, దొంగలు ఎక్కువ. అక్కడ ఉండే మగవాళ్ళకు ఒక అలవాటుంది. బయల్దేరేటప్పుడు పై జేబులో ఇరవై రియాళ్ళూ ఒక పాత ఫోనూ దొంగల కోసమే పెట్టుకుంటారు. దొంగలకూ ఆ సంగతి తెలుసు. ఇచ్చింది పుచ్చుకుని పోతారు. ఆ రోజు మాత్రం ఒకడు బాలన్న మెడలో వేలాడే సంచీ మీద కూడా చెయ్యేశాడు. అందులో పైసా లేదు. ఇకామా కార్డు ఉంది.

ఈ మనిషి ఈ దేశంలో ఉండొచ్చు, పని చేసుకోవచ్చు అని చెప్పే ముక్క అదొక్కటే. అది పోతే జరిమానా కట్టాలి, కంపెనీ చుట్టూ తిరగాలి, కొత్తది వచ్చేదాకా పోలీసును చూసి దాక్కోవాలి. అందుకని బాలన్న సంచీ వదల్లేదు. కత్తి చూపినా వదల్లేదు. మరో దేశంలో, మరో పనిలో ఉన్నవాడైతే సంచీ దొంగ మొహాన కొట్టి ప్రాణం కాపాడుకునేవాడు. బాలన్న కార్డు కాపాడుకున్నాడు.

ఆసుపత్రి కౌంటర్లో కంపెనీ ఇన్సూరెన్సు చెల్లడం లేదన్నారు. కంపెనీ బద్ధకం తెలిసిందే కాబట్టి బాలన్న, యాదగిరి, వాళ్ళ గదిలోనే ఉండే లక్ష్మణ్ ముగ్గురూ నాలుగు తిట్లు తిట్టుకుని, బత్తాలో వేరే డాక్టరు దగ్గర చేతి డబ్బులతో కుట్లు వేయించారు. ఏడు కుట్లు పడితే పడ్డాయి, ఇకామా దక్కిందని ఆ రోజు సంతోషపడ్డారు కూడా.

"యాదగిరీ," బాలన్న నల్లా మీద పడ్డ వేలి ముద్రలను గుడ్డతో తుడుస్తూ అన్నాడు. "నేను ఇంక ఆ గల్లీల నడువ. జాగ మారుద్దామంటే మారుద్దాం. లేకుంటే ఎగ్జిట్ కొట్టిచ్చుకోని ఇంటికి పోత."

రెండేళ్ళ కిందట కంపెనీ క్యాంపు మూసేసి, చేతిలో అంతో ఇంతో పెట్టి, మీ గదులు మీరే చూసుకోండన్నప్పుడు హారాలో గది చూసింది యాదగిరే. చౌకగా దొరికిందని గొప్ప కూడా చెప్పుకున్నాడు.

"మారుద్దామన్నా," అన్నాడు. "శుక్రారం పోయి జూసొద్దాం."

*

గురువారం సాయంత్రం గదిలో లక్ష్మణ్ రొట్టెలు కాలుస్తూ గొడవకు దిగాడు. లక్ష్మణ్ పెయింటరు, యాదగిరి ఈడువాడే. పెనం మీద రొట్టె ఎంత సేపుంటుందో అతని కోపమూ అంతసేపే ఉంటుంది.

"ఇప్పుడు మనిషికి మూడొందలు కడుతున్నం. ఆ కొత్త జాగల ఘనీ భాయ్ అయిదొందలంటున్నడు. అంటే ఏంది? దొంగ ఎప్పుడో ఒక్కసారి తీస్కపోయేది, ఇండ్లాయనకు నెల నెలా మనమే ఇస్తమన్నట్టు."

"దొంగ తీస్కపోయేది పైసలే అయితే నీ మాట ఖరే," అన్నాడు యాదగిరి. "జర అన్న చెయ్యి జూడు."

లక్ష్మణ్ చూడలేదు. చూస్తే తన వాదం నిలబడదని అతనికీ తెలుసు. రొట్టెను తిప్పి వేసి, "నేను వద్దంటున్ననా? లెక్క జెప్పిన," అని గొణిగాడు.

అప్పుడే బాలన్న ఫోను మోగింది. వీడియోలో భార్య ముత్యవ్వ. పెద్ద ఫోను దొంగల పాలు కాలేదు కాబట్టి ఆమెకు ఏ అనుమానమూ రాలేదు. బాలన్న ఫోనును బియ్యం డబ్బాకు ఆనించి, కుడిచేతిని దుప్పటి కిందికి తోసి, ఎడమచేత్తో రొట్టె తుంచుకున్నాడు.

"అదేంది, ఎడమ చేత్తోని తింటున్నవ్?" అంది ముత్యవ్వ.

"కుడి చేత్ల ఫోన్ ఉన్నది గదనే."

"ఫోన్ కదుల్తలేదు మరి?"

లక్ష్మణ్ నవ్వాపుకోలేక గోడవైపు తిరిగాడు. బాలన్న అతనికేసి గుడ్లురిమి, "ఈడ సిగ్నల్ తక్కువ, మల్ల జేస్త," అని ఫోను కట్టేశాడు. తర్వాత చాలాసేపు రొట్టె ముట్టలేదు.

"ఇరవై రెండేండ్ల సర్వీసు పైసలు కంపెనీ దగ్గర్నే ఉన్నయి," అన్నాడు ఎవరినీ చూడకుండా. "ఇప్పుడు అలిగి పోతే అవి ఇస్తడా వాడు? పోబుద్ధయితలేదు తమ్మీ. గని పొద్దున తలుపు తీసేటప్పుడు కాళ్ళు వణుకుతున్నయి. ఈ వయసుల గిదేం బతుకు."

లక్ష్మణ్ కాలిన రొట్టెల్లో మెత్తనివి రెండు ఏరి బాలన్న పళ్ళెంలో వేశాడు. "అయిదొందలే కట్టుదాం తియ్యి," అన్నాడు.

*

శుక్రవారం పొద్దు వాలే అసర్ నమాజు వేళకు ముగ్గురూ బస్సు దిగేసరికి బాలన్న ముఖం విప్పారింది. ఊరికి ఉత్తరాన కొత్తగా పెరిగిన పేట అది. వెడల్పాటి రోడ్లు, రోడ్ల మధ్య ఖర్జూరపు చెట్లు, ప్రతి మూలా కెమెరా. పిల్లలు ఆడి వదిలేసిన సైకిళ్ళు తాళం లేకుండా గేటు బయట పడున్నాయి. బాలన్న వాటిని చూసి ఆగిపోయాడు.

"సైకిళ్ళు గట్లనే ఇడిసిపెట్టిండ్రు సూడు. ఎవలూ ముట్టుకోరన్నట్టు."

పోలీసు బండి ఒకటి నెమ్మదిగా వెళ్ళింది. కాసేపటికి ఇంకోటి వెళ్ళింది. మూడోది కనబడేసరికి బాలన్న లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. అర్ధగంటలో నాలుగని తేల్చి, హారాలో ఆరు నెలల్లో కూడా అన్ని చూడలేదని లక్ష్మణ్ భుజం చరిచాడు. చెయ్యి తెగిన తర్వాత అతను నవ్వడం యాదగిరి ఇదే చూడటం.

వాళ్ళను రమ్మన్నది అబ్దుల్ ఘనీ. నిజామాబాద్ మనిషి, ఆ భవంతికి కాపలాదారు. కింది అంతస్తులన్నీ కాపురాలవాళ్ళకే ఇస్తారు. మిద్దె మీది గది ఒక్కటి, ములహక్ అంటారు దాన్ని, ఒంటరి మగవాళ్ళకు ఇస్తానని యజమాని ఒప్పుకున్నాడట.

"ఆవాజ్ చెయ్యొద్దు భాయ్, మెట్ల మీద ఆడోళ్ళు ఎదురైతే ఆగి దారియ్యాలె, గంతే," అని మెట్లెక్కుతూ చెప్పాడు ఘనీ. "దొంగతనం అన్న మాట ఈడ ఎనిమిదేండ్ల నుంచి నేను ఇనలే."

గది పెద్దదేం కాదు. కాని రెండు కిటికీలున్నాయి, గాలి వస్తోంది. బాలన్న నేరుగా బాత్రూములోకి పోయి నల్లా తిప్పాడు, ఫ్లష్ నొక్కాడు, గొట్టం కింద వేలు పెట్టి తడి ఉందేమో చూశాడు. ఏ ఇంటికి పోయినా ఆయన చూసేది ముందు అవే. తర్వాత తలుపు గొళ్ళెం వేసి తీసి, వేసి తీసి, ఇంకోసారి వేశాడు. ఆ చప్పుడు ఆయనకు ఎంత బాగుందో ముఖంలో తెలుస్తూనే ఉంది.

"కానియ్యి యాదగిరీ. ఇదే తీస్కుందాం."

ఘనీ వాళ్ళను నాలుగిళ్ళ అవతల ఉన్న కిరాయిల ఆఫీసుకు తీసుకుపోయాడు. ఇదివరకైతే కాగితం మీద సంతకం పెట్టి తాళం చెవులిచ్చేవాళ్ళు. ఇప్పుడు గవర్నమెంటు కిరాయి కాగితం కూడా కంప్యూటర్లో ఎక్కించాలంటోంది. ఆఫీసులో సౌదీ పెద్దమనిషి ముగ్గురికీ గావా కాఫీ పోయించి, ఇకామా కార్డులు తీసుకుని బాలన్న నంబరు కొట్టాడు. తెర వైపు చూసి కనుబొమలు ముడిచాడు. మళ్ళీ కొట్టాడు. తర్వాత యాదగిరిది కొట్టాడు, లక్ష్మణ్‌ది కొట్టాడు.

"మున్తహియా," అన్నాడు.

యాదగిరికి ఆ మాట తెలుసు. గడువు తీరిపోయిందని. తెలిసినా ఘనీ వైపు చూశాడు, ఘనీ ఇంకేదైనా అర్థం చెబుతాడేమోనని.

"ముగ్గురియి?" ఘనీ అరబ్బీలో అడిగాడు. సౌదీ మనిషి తెరను వాళ్ళ వైపు తిప్పాడు. మూడు పేర్ల ఎదురుగా ఎర్ర గీత ఉంది. గడువు తీరి రెండు నెలలయింది.

కార్డు మీద గడువు తేదీ ఉండదు. ప్లాస్టిక్ ముక్క అయిదేళ్ళు చేతిలో ఉంటుంది, లోపల బతికుందో లేదో కంప్యూటర్‌కే తెలుస్తుంది. ఏటేటా దాన్ని బతికించాల్సింది కంపెనీ. పరదేశి పనివాళ్ళ మీద నెలనెలా వేసే లెవీ కంపెనీ కట్టలేదు. సౌదీలను చాలినంతమందిని పెట్టుకోనందుకు నితాకత్ అనే సర్కారు లెక్కలో ఎరుపులో పడింది. ఎరుపులో ఉన్న కంపెనీకి ఇకామాలు మార్చి ఇవ్వరు. ఇన్ని సంగతులను ఘనీ రెండు ముక్కల్లో చెప్పాడు. కంపెనీవాళ్ళు మాత్రం రెండు నెలలుగా వీళ్ళను రోజూ బస్సెక్కించి పనికి తోలారు, ఒక్కరికి ఒక్క మాట చెప్పలేదు.

యాదగిరి బాలన్న వైపు చూడలేకపోయాడు. ఆదివారం నాటికే ఆ కార్డు చచ్చిన కార్డు. దాని కోసం ఈయన కత్తికి చెయ్యి అడ్డం పెట్టాడు. కంపెనీ మీద ఒళ్ళు మండిపోయింది యాదగిరికి. ఎదురుగా ఉంటే ఆ ఫోర్మన్ గల్లా పట్టుకునేవాడే. బాలన్న మాత్రం కార్డు చేతిలోకి తీసుకుని, వెనక్కి తిప్పి చూసి, మళ్ళీ ముందుకు తిప్పి చూసి, మెడ సంచీలో పెట్టుకుని జిప్పు వేసుకున్నాడు.

సౌదీ పెద్దమనిషి చెడ్డవాడు కాదు. లేబర్ ఆఫీసుకు పొమ్మన్నాడు, ఎరుపులో ఉన్న కంపెనీ నుంచి వేరే కంపెనీకి మారవచ్చని చెప్పాడు. ఎన్నాళ్ళు పడుతుందని అడిగితే చేతులు పైకెత్తాడు. నెలలు పడుతుంది. కొత్త కంపెనీ దొరకాలి.

బయటికి వచ్చాక ఘనీ గొంతు మారింది. "జర గేటు ముంగట నిలబడకుండ్రి భాయ్. కెమెరా ఉన్నది. మిమ్ముల ఇక్కడ పట్టుకుంటే నన్నడుగుతరు."

*

బస్సు స్టాపు దాకా కిలోమీటరున్నర నడవాలి. వచ్చేటప్పుడు అది నడకలాగే అనిపించలేదు. ఇప్పుడు ఆ వెడల్పాటి రోడ్డు మీద ముగ్గురు కూలీ మనుషులు తెల్లగుడ్డ మీద మరకల్లా కనబడుతున్నారు. దాక్కోవడానికి ఒక సందు లేదు. దుకాణాల ముందు గుంపు లేదు. అందరూ కార్లలో పోయేవాళ్ళే.

"విడివిడిగ నడుద్దాం," అన్నాడు యాదగిరి. "ముగ్గురం కలిసుంటే కండ్లల్ల పడతం. లక్ష్మణ్, నువ్వు ముందుగాల పో. ఎన్కకు జూడకు."

లక్ష్మణ్ జేబుల్లో చేతులు పెట్టుకుని పోయాడు. అతని వెనక యాభై అడుగుల దూరంలో బాలన్న, బాలన్నకు అంతే దూరంలో యాదగిరి. కట్టు మీద గ్లోవు లేదు. ఇల్లు చూడబోతూ గ్లోవు ఎందుకని బాలన్న తీసేసి వచ్చాడు. తెల్ల కట్టు ఎండలో మెరుస్తోంది.

పోలీసు బండి వెనక నుంచి వచ్చింది. యాదగిరిని దాటింది. బాలన్న పక్కకు వచ్చేసరికి నెమ్మదించి ఆగింది.

ముందుకు పోతే యాదగిరీ దొరుకుతాడు. నిలబడితే అనుమానం వస్తుంది. పారిపోతే బాలన్న ఒక్కడే మిగులుతాడు. ఏదీ చెయ్యకుండా వంగి చెప్పు పట్టీ సరిచేసుకుంటూ కూర్చున్నాడు. ఇంటి దగ్గర తన పిల్లల ముఖాలు కళ్ళ ముందు తిరిగాయి. ఎంత పిరికివాణ్ణని తన మీద తనకే అసహ్యం వేసింది.

బండి అద్దం దిగింది. లోపలున్నది పాతికేళ్ళ పోలీసు.

"సలామాత్, సలామాత్," అన్నాడతను, త్వరగా నయం కావాలన్నట్టు బాలన్న చేతి వైపు చూపిస్తూ. ఎవరైనా కొట్టారా అని అడిగాడు. ఆసుపత్రికి పోవాలా, ఫిర్యాదు ఏమైనా ఉందా అని కూడా అడిగాడు. మాట మర్యాదగానే ఉంది.

ఆదివారం నుంచి బాలన్న ఎదురుచూసింది ఈ ప్రశ్న కోసమే. ఒక పోలీసు మనిషి తన చెయ్యి చూసి ఎవడు చేశాడని అడగాలని. ఆ దొంగల పొడుగు, బండి రంగు, అన్నీ చెప్పాలని గదిలో ఎన్నిసార్లు అరబ్బీ మాటలు కూడబలుక్కున్నాడో యాదగిరికి తెలుసు. ఇప్పుడు బాలన్న తల అడ్డంగా ఊపాడు.

"మత్బఖ్," అన్నాడు. వంటిల్లు. ఎడమచేత్తో కూరగాయలు కోస్తున్నట్టు చూపించాడు. "సిక్కీన్." కత్తి.

పోలీసు నవ్వి, జాగ్రత్త అన్నట్టు వేలు చూపించి, అద్దం ఎక్కించుకుని వెళ్ళిపోయాడు. కార్డు అడగలేదు.

యాదగిరి పరుగున పోయేసరికి బాలన్న ఖర్జూరపు చెట్టు మొదట్లో కూలబడి ఉన్నాడు. కుర్తా వెనకంతా చెమటతో ఒంటికి అంటుకుపోయింది.

"ఎంత మంచిగ అడిగిండు తమ్మీ," అన్నాడు. "పోరడు ఎంత మంచిగ అడిగిండో."

తర్వాత ఏడ్చాడు. యాదగిరి అతని సంక కింద చెయ్యేసి లేపి, బస్సు దాకా నడిపించాడు. ఇద్దరూ కలిసే నడిచారు.

*

శనివారం కంపెనీలో కాగితాలు చూసే మందూబ్‌కు యాదగిరి ఏడుసార్లు ఫోను చేశాడు. ఏడోసారి ఎత్తి, "బుక్రా, ఇన్షాల్లా," అన్నాడు. రేపు. ఆ రేపు ఏ నెలలో వస్తుందో అడిగేలోపు కట్టేశాడు.

ఆదివారం పని నుంచి వచ్చి లేబర్ ఆఫీసుకు ఎవరు ఎప్పుడు పోవాలో మాట్లాడుకుంటూ ఉండగానే తలుపు తట్టారు. గల్లీలో గదులన్నీ తను కిరాయికి తీసుకుని మళ్ళీ కిరాయికిచ్చే మహబూబ్ సుభాని. రాయచోటి మనిషి, పొట్టివాడు, చేతిలో ఎప్పుడూ తాళం చెవుల గుత్తి ఉంటుంది.

"ఏం నా, ఖాళీ చేస్తాండారంట? లక్ష్మణ్ చెప్పినాడులే."

"చేస్తలేం భాయ్," అన్నాడు యాదగిరి. "ఈడనే ఉంటం."

సుభాని గడప మీద నిలబడే ముగ్గురి ముఖాలూ చూశాడు. ఇలాంటి ముఖాలు అతనికి కొత్త కాదు.

"ఎన్నాళ్ళాయ ఇకామాలు అయిపోయి?" అని అడిగాడు.

లక్ష్మణ్ రెండు వేళ్ళు చూపించాడు. సుభాని గుత్తిలోంచి ఒక తాళం చెవి వేరు చేశాడు.

"రాండి. ఒక గది చూపిస్తా."

గల్లీ మొదట్లో ఇద్దరు మనుషుల వెడల్పు ఉంటుంది. పోను పోను సన్నబడి, రెండుసార్లు మలుపు తిరిగి, చివరికి భుజాలు పక్కకు తిప్పుకుని నడవాల్సినంత అవుతుంది. రెండేళ్ళుగా అక్కడే ఉంటున్నా ముగ్గురూ రెండో మలుపు దాటి ఎన్నడూ పోలేదు. లోపలికి పోయినకొద్దీ దొంగల భయం ఎక్కువని వాళ్ళ నమ్మకం. సుభాని చివరి తలుపు తీశాడు. కిటికీ లేని గది. ఇంకా పొద్దుండగానే లైటు వెయ్యాల్సి వచ్చింది. గోడ కింద చెమ్మ. బాలన్న అలవాటుగా నల్లా కోసం చూశాడు. గదిలో నల్లా లేదు, బయట అయిదు గదులకూ కలిపి ఒకటుంది.

"ఎంత?" అన్నాడు లక్ష్మణ్.

"పదహైదు నూర్లు."

లక్ష్మణ్ ఎగిరిపడ్డాడు. "మా ముంగటి గది తొమ్మిదొందలాయె! ఆడ కిటికీ ఉన్నది, నల్లా ఉన్నది. గీ బొందకు పదిహేనొందలా?"

యాదగిరి లెక్క వేసుకున్నాడు. ఖర్జూరపు చెట్ల రోడ్డులో, రెండు కిటికీల మిద్దె గదికి అడిగింది కూడా అంతే.

"కిటికీకి కాదు నా కిరాయి," అన్నాడు సుభాని, కోపం లేకుండా. "ముందర గదులు చీపు. ఎందుకు? పోలీసోళ్ళు వస్తే మొదట తట్టేది అవే. ఈడికి బండి రాదు. నడిచి వచ్చేలోపల మీకు ఫోన్ వస్తాది, ఈ పక్క మెట్లెక్కి మిద్దెల మీంద ఎల్లిపోవచ్చు. ఈ అయిదు గదుల్లో ఉండేటోళ్ళందరూ మీ మాదిరోళ్ళే. ఒక్క నెల కూడా ఖాళీ ఉండదు."

"ఫోన్ ఎవలు జేస్తరు?" యాదగిరి అడిగాడు.

సుభాని తాళం చెవుల గుత్తిని వేలికి తిప్పాడు. "మోటార్ బండి పిల్లోళ్ళు ఉండారు కదా, గల్లీ మొగలో. వాళ్ళే. ఆ పదహైదు నూర్లలో వాళ్ళ భాగం కూడా ఉండాది. లోపలి గదులోళ్ళను వాళ్ళు ముట్టుకోరు. అది మాట."

బాలన్న చేతిని కోసినవాళ్ళకు ఆ చేత్తోనే నెలనెలా డబ్బులు ఇవ్వాలి. వద్దు అనడానికి యాదగిరి నోరు తెరిచాడు. వద్దని ఎక్కడికి పోవాలో తోచక మూసుకున్నాడు. బాలన్న ఎగ్జిట్ అన్నా ఇప్పుడు కుదరదు. చచ్చిన ఇకామా మీద దేశం దాటాలన్నా కంపెనీయే కాగితం పెట్టాలి. లక్ష్మణ్ మొదటిసారిగా బాలన్న చేతికేసి నేరుగా చూశాడు.

"మమ్ముల వాళ్ళు ఎట్ల గుర్తువడతరు?" బాలన్న అడిగాడు. "లోపలి గదోళ్ళమని వాళ్ళకెట్ల ఎర్కయితది?"

"నేను చూపిస్తా పెద్దాయనా. ఒకసారి చూపిస్తే చాలు."

"అయితే ఇప్పుడే సూపియ్యి."

"అన్నా, జర ఆగు," యాదగిరి అతని మోచెయ్యి పట్టుకున్నాడు. "ఆలోచన జేద్దాం."

"ఏం ఆలోచన జేస్తవ్? రేపు పొద్దున డ్యూటీకి మల్ల ఈ గల్లీలనే గద నడువాలె?" బాలన్న మోచెయ్యి విడిపించుకున్నాడు. "ఇద్దాం. పదిహేనొందలు ఇద్దాం."

సుభాని ముందు నడిచాడు. ఇరుకులోంచి ఒకరి వెనక ఒకరు, మలుపులు తిరిగి, గల్లీ మొగదలకు వచ్చారు. సాయంత్రపు ఎండ ఇంకా ఉంది. టీ దుకాణం గోడకు ఆనించిన మోటార్ సైకిల్ మీద ఒకడు వాలి కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు. తలకు చుట్టుకున్న గుడ్డ గడ్డం కిందికి జారి ఉంది. సుభాని అతని దగ్గరికి పోయి చెవిలో ఏదో చెప్పి, వెనక్కి తిరిగి ముగ్గురినీ వేలితో చూపించాడు.

వాడు తలెత్తాడు. లక్ష్మణ్‌ను చూశాడు, యాదగిరిని చూశాడు. తర్వాత బాలన్న కట్టు దగ్గర వాడి చూపు ఆగింది. ఆగి పక్కకు తప్పుకుంది.

బాలన్న ముందుకు నడిచాడు. కొడతాడనుకున్నాడు యాదగిరి. ఉమ్ముతాడనుకున్నాడు. ఏదో ఒకటి చెయ్యాలని లోపల ఎక్కడో కోరుకున్నాడు కూడా. బాలన్న వాడికి రెండడుగుల దూరంలో ఆగి, నెత్తి మీది టోపీ తీశాడు. కళ్ళద్దాలు తీశాడు. ఎండ ముఖం మీద పడేలా తిరిగి, వాడు సరిగ్గా చూసేదాకా అలాగే నిలబడ్డాడు.

"చూడమను," అన్నాడు సుభానితో. "మంచిగ చూసి గుర్తువెట్టుకొమ్మను."

వాడు చూశాడు. తలూపాడు. మళ్ళీ ఫోనులోకి వంగిపోయాడు.

తిరిగి గదికి వస్తుంటే యాదగిరి ఉండబట్టలేక అడిగాడు. "అన్నా, వాడేనా?"

బాలన్న కళ్ళద్దాలను కుర్తా అంచుతో తుడుచుకుని పెట్టుకున్నాడు.

"ఎవడైతేంది యాదగిరీ," అన్నాడు. "నా మొఖం చూసిండు. చాలు."